లిఫ్టుకి చిల్లర

మా లిఫ్టు మంచి మాటలకి కదలదు.
పది తెత్రీల బిళ్ళ నోట్లో వేస్తే
గొంతు సవరించుకుని, ఒకసారి వణికి,
తొమ్మిదో అంతస్తుకి ఎక్కిస్తుంది.
దిగడం ఉచితం.
త్బిలిసీలో నాకు మొదట తెలిసిన న్యాయం ఇదే.

వచ్చిన రోజు బస్సు కిటికీలోంచి
దుకాణాల బోర్డులు చూసి ఉలిక్కిపడ్డాను.
గుండ్రటి అక్షరాలు, మెలితిరిగిన తోకలు,
ఎవరో మన పలక చెరిపేస్తూ
సగంలో వదిలేసినట్టు.
కళ్ళు చిట్లించి చదవబోయాను.
ర అనుకున్నది ర కాదు,
సున్నా అనుకున్నది సున్నా కాదు.
పెళ్ళిలో దూరపు చుట్టమనుకుని భుజం తడితే
ఎవరో కొత్తావిడ వెనక్కి తిరిగినట్టయింది.

ఇక్కడ మామా అంటే నాన్న.
నాలుగో అంతస్తు లమారా గారి మనవరాలు
మెట్ల మీంచి "మామా! మామా!" అని కేకేస్తే
మేనమామ కోసం చూశాను.
దోసకాయల సంచీతో ఆయాసపడుతూ
వాళ్ళ నాన్న ఎక్కొచ్చాడు.
ఆయన దగ్గరా చిల్లర లేదు.

నాది పళ్ళ డాక్టరీ, రెండో సంవత్సరం.
సోమవారానికి తలా నాలుగు నిజం పళ్ళు తెచ్చుకోండి,
తవ్వాలి, నింపాలి, అన్నారు కేతెవాన్ మేడమ్.
ఎక్కడ దొరుకుతాయి?
"నోళ్ళల్లో" అన్నారు, నవ్వకుండా.

ఆదివారం రుబా నన్ను ఊరు చూడ్డానికి లాక్కెళ్ళింది.
రుబాది అమ్మాన్. కొండలంటే లెక్కలేదు.
కేబుల్ కారెక్కి కోట దగ్గర ఫోటో దిగాం.
అందులో నావి మూసిన కళ్ళు.
కింద గంధకపు స్నానశాలల గుమ్మటాలు
బోర్లించిన మూకుళ్ళలా వరసగా,
ఉడికిన గుడ్ల వాసనేస్తూ.
"అందంగా ఉంది కదా" అంది రుబా ముక్కు మూసుకుని.

తర్వాత ఎండు వంతెన దగ్గరి పాత సామాన్ల సంత.
దుప్పట్ల మీద పతకాలు, కెమెరాలు,
ఎవరి పెళ్ళో అడిగేవాళ్ళు లేని పెళ్ళి ఫోటో.
ఆ చివర ఒక పెద్దాయన. పేరు నోదార్.
ముందు పటకార్లు, చిన్నచిన్న అద్దాలు,
కాలితో తొక్కే డ్రిల్లు.
నా చేతిలో పుస్తకం మీద దవడ బొమ్మ చూసి
నోరు తెరవమని సైగ చేశాడు.
నడిబజార్లో తెరిచాను.
చలిగాలి కొండనాలిక దాకా పోయింది.
కింద కుడివైపు జ్ఞానదంతం
అడ్డంగా పడుకుందని వేలు వంచి చూపించాడు.
పళ్ళు కావాలన్నాను, నా పన్ను తట్టి,
నాలుగు వేళ్ళు ఎత్తి.

కోటు జేబులోంచి జామ్ సీసా తీశాడు.
ధర అడిగితే తల అడ్డంగా ఊపాడు.
పళ్ళు అమ్మడట.
అద్దం అమ్ముతాడట, అయిదు లారీలు.
నా దగ్గరున్నదంతా, చిల్లరతో సహా,
ఊడ్చిపెడితే అయిదయింది.

ఇంటికొచ్చాక లిఫ్టు నోరు తెరుచుకుని చూసింది.
సరే, మెట్లు.
ప్రతి మెట్టుకీ సీసా గలగలమంది.
నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది.
"అక్రోట్లా?" అన్నారు లమారా గారు ఆశగా.
మూత తీసి చూపించాను.
మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుని,
సీసా వెలుతురుకి ఎత్తి తిప్పి తిప్పి చూసి,
పెదవి లాగి తన బంగారు పన్ను చూపించి
"ఇది మాత్రం ఇవ్వను" అని
గోడ పట్టుకుని నవ్వారు.
పోయేముందు నా గుప్పిట్లో పది తెత్రీలు పెట్టారు.
వేడిగా ఉంది బిళ్ళ.
లిఫ్టుకి వెయ్యబుద్ధి కాలేదు.
మిగతా అయిదంతస్తులూ నడిచాను.

సోమవారం.
నాలుగింటిలో ఒక పన్నుకి
పాత పూత ఉంది, అంచు ఎక్కడా లేవకుండా.
ఎవరిదో నోరు.
ఎన్ని చలికాలాలు వేడి రొట్టె కొరికిందో.
డ్రిల్లు తీసుకుని పక్కన పెట్టేశాను.
వెనకాలే వచ్చి ఆగిన కేతెవాన్ మేడమ్
అద్దంలోంచి వంగి చూశారు.
"ఎవరు నింపారో గానీ మంచి చెయ్యి.
తెలిసినవాళ్ళా?"

వంతెన, దుప్పటి, చలిలో తెరిచిన నోరు,
ఏదీ ఆ భాషలో నాకు రాదు.
"కి" అన్నాను. అవునని.
మనకైతే దాని ముందొక మాటుండాలి,
ఎవరికి, దేనికి, ఎక్కడికి.
ఇక్కడ ఒట్టి కి సరిపోతుంది.